కిటికీ గట్టు మీది పళ్ళు

ఆవిడకి మొహాలు గుర్తుండవు, పళ్ళు గుర్తుంటాయి. బస్సులో ఎవరైనా పలకరిస్తే బిక్కమొహం వేసుకుని చూస్తుంది. ఎదుటి మనిషి కాస్త నవ్వితే చాలు, "ఆ, మీరా! బాగున్నారా?" అని చెయ్యి పట్టుకుంటుంది. మూతి ముడుచుకుని మాట్లాడే చుట్టాలతో మాత్రం ఎప్పుడూ మాటపడేది. పెళ్ళికెళ్ళి సొంత ఆడపడుచునే గుర్తుపట్టలేదని పేరు. ఆ ఆడపడుచు నవ్వితే కదా గుర్తుపట్టడానికి!

ఆవిడ పని పళ్ళు కట్టడం. ఊళ్ళోని పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిని బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబు ఒకటి చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తులో ఉంది. అక్కడ అందరూ ఆవిడని పళ్ళక్క అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద భద్రంగా ఉంది, ఎవరూ దాని జోలికి పోరు.

పొడుగాటి బెంచీ, దాని మీద వరసగా స్పిరిటు దీపాలు, గులాబీ రంగు మైనం పలకలు, సుద్దతో పోసిన దవడలు. పై దవడనీ కింది దవడనీ ఒక బందుకి బిగిస్తే అది నోరులాగే తెరుచుకుని మూసుకుంటుంది. పళ్ళక్క వేడి చేసిన చిన్న కత్తితో మైనం కరిగించి, అందులో ఒక్కొక్క పన్నూ నిలబెడుతుంది. నిలబెట్టి, దవడ మూసి, తెరిచి, కళ్ళు చికిలించి, వెంట్రుకవాసి జరుపుతుంది. అలా మైనంలో కట్టిన సెట్టు ముందు డాక్టరు దగ్గరికెళ్తుంది. మనిషి నోట్లో పెట్టి చూసి, సరే అంటేనే తిరిగొచ్చి గట్టి పళ్ళవుతుంది.

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉండేది. ఎవరు కట్టిన పళ్ళు వాళ్ళు చూసుకోకూడదు. కట్టిన సెట్టు తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద, పగటి వెలుతుర్లో పెట్టాలి. ఇంకొకరెవరైనా వచ్చి చూస్తారు. చూసినంతసేపూ కట్టినవాళ్ళు నోరెత్తకూడదు. తన బిడ్డ ఎవరికైనా ముద్దే కాబట్టి ఈ ఏర్పాటు. పళ్ళక్క పనంతా ఆ కిటికీ దగ్గరే నేర్చుకుంది. పాలిష్ పట్టే బాబాయి "ఈ కోరపన్ను కొట్లాటకి పోతోంది, కాస్త వెనక్కి లాగు" అంటే లాగింది. తర్వాత్తర్వాత బాబాయే ఆవిడ దగ్గర నేర్చుకున్నాడు. ఇలా ఒకళ్ళ తప్పు ఒకళ్ళు పట్టుకుంటూ, టీ తాగుతూ, వేళాకోళాలాడుతూ పని చేసేవాళ్ళు. సాయంత్రం దీపాలార్పి ఇళ్ళకి పోయేవాళ్ళు.

ఇంట్లో పళ్ళక్కతో కలిపి ముగ్గురే. మొగుడు రంగుల దుకాణంలో పనిచేస్తాడు, నిమ్మళమైన మనిషి, చేతుల మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. మూడో మనిషి మావగారు. ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన గొంతు విని బస్సే కాదు, ముందున్న బండ్లు కూడా కదిలేవని వీధిలో చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో కూడా అదే గొంతు. "అమ్మాయ్, మంచినీళ్ళు" అంటే పక్కింటివాళ్ళు కూడా గ్లాసు తీసేవాళ్ళు.

ఆ గొంతు పోయింది. ఒకరోజు పొద్దున మొహం కడుక్కుంటూ పడిపోయారు. పక్షవాతం. కాలు కొంత వచ్చింది, చెయ్యి కొంత వచ్చింది, మాట రాలేదు. తెలివంతా ఉంది, చెప్పాలనుకున్నదంతా కళ్ళల్లో ఉంది. నోరు తెరిస్తే మాత్రం ముద్దగా ఒక శబ్దం. అంతటి గొంతున్న మనిషి నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించాల్సి రావడం కంటే శిక్ష ఏముంటుంది?

మాట నేర్పే డాక్టరమ్మ ఒక సంగతి గట్టిగా చెప్పింది. రోజూ అదే వేళకి, అదే మనిషి కూర్చుని పలికించాలి. వచ్చే మాట ఈ కొన్ని నెలల్లోనే రావాలి. ఇప్పుడు వదిలేస్తే తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా కష్టం.

ఆ మనిషి ఎవరన్నది పెద్దాయనే తేల్చేశారు. కొడుకు కూర్చుంటే ఆయన "పా" అనకముందే "పాలా? పాత చొక్కానా?" అని వాడే అందించేసేవాడు. ప్రేమ కొద్దీ చేసేదే, కానీ నోటి దగ్గరి ముద్ద లాక్కున్నట్టుండేది. పెద్దాయన చేత్తో వాణ్ణి అవతలికి పొమ్మన్నారు, కోడల్ని చూపించారు.

ఇక రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింటి బల్ల దగ్గర పళ్ళక్క చిన్న అద్దం పెట్టుకుని కూర్చునేది. మావయ్య ఎదురుగా బుద్ధిగా కూర్చునేవారు. పెదాలు కలిపి పలికేవి ముందొచ్చాయి. "పా" వచ్చింది, "మా" వచ్చింది. "మా" వచ్చిన రోజున ఆవిడ ల్యాబులో అందరికీ మిఠాయి పంచింది. తర్వాత "నా" దగ్గర బండి ఆగిపోయింది. నాలుక కొన పైపళ్ళ వెనక ఆనాలి. ఆయన నాలుక అక్కడికి వెళ్ళడం మర్చిపోయింది.

"పైకి మావయ్యా, పైకి. పళ్ళ వెనక్కి."

ఆయన కళ్ళు పెద్దవి చేసి ప్రయత్నించేవారు. ఆవిడ ఆ నోటివంకే చూస్తూ కూర్చునేది. ముందు రెండు పళ్ళ మధ్య సందు, పక్కనున్న పన్ను కాస్త వాలి, ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుడిలా బయటికి తొంగిచూస్తుంటుంది. జీవితమంతా ఫుట్‌బోర్డు మీది వాళ్ళని లోపలికి రమ్మని అరిచిన మనిషి, సొంత పన్నుని లోపలికి రప్పించలేకపోయారని ఆవిడకి నవ్వొచ్చేది. ఆయనకీ తెలిసి నవ్వేవారు. రాకపోతే రాకపోయింది "నా", రేపొస్తుందిలే అని అద్దం తీసేవాళ్ళు. అది ఆ ఇంట్లో అందరికంటే మంచి గంట.

అప్పుడు ల్యాబులోకి కొత్త యంత్రం దిగింది.

ల్యాబు యజమాని చెడ్డవాడు కాదు. ఎప్పుడూ ఏదో మునిగిపోతున్నట్టుంటాడు, అంతే. అన్నం నిలబడి తింటాడు, ఫోను ఒక చెవిలో, రెండో ఫోను జేబులో. చాటున అందరూ గాభరాసారు అంటారు. కొత్త యంత్రం తెర మీద గీసిన పళ్ళని తనే చెక్కి ఇస్తుంది. ఊళ్ళో మిగతా ల్యాబులన్నీ కొన్నాయి, మనం వెనకబడతామని ఆయన భయం. ఆ భయంలో న్యాయం ఉంది. అందర్నీ కూర్చోబెట్టి, ఇంకొన్నాళ్ళకి బెంచీ పని తగ్గిపోతుందని, తెర మీద పళ్ళు కట్టడం నేర్చుకోనివాళ్ళకి తను చూపించగల పని ఉండదని, తనే ఏదో తప్పు చేసినట్టు తలొంచుకుని చెప్పాడు.

నేర్పడానికి కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. పాఠం ఎప్పుడు? పగలంతా పని ఉంది కాబట్టి, పని అయ్యాక. యంత్రం వచ్చిందని ఆర్డర్లు కూడా సారు ఎక్కువ ఒప్పుకున్నాడు కాబట్టి ఆ పని కూడా ఆలస్యంగా అయ్యేది. ఈ తొందరలో కిటికీ దగ్గర నిలబడి చూసేందుకు ఎవరికీ తీరిక లేదు. "కొన్నాళ్ళు ఎవరిది వాళ్ళే చూసుకుని పంపేయండి" అన్నాడు గాభరాసారు. కిటికీ గట్టు మీద దుమ్ము చేరింది.

పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలన్నది ఇలాంటివాళ్ళని చూసే అయుంటుంది. పాలు తాగుతున్నాడా అంటే అదీ లేదు, పరుగు మాత్రం ఉంది.

ఆ పాఠాలు చూసి తీరాలి. రోజంతా మైనం మీద కళ్ళు పెట్టినవాళ్ళు సాయంత్రం తెర మీద కళ్ళు పెడితే ఏం కనపడుతుంది? బాబాయి ముందు వరసలోనే కూర్చుని గురక పెట్టేవాడు. పళ్ళక్క మౌసు పట్టుకుని పన్నుని కాస్త పక్కకి జరుపుదామంటే, అది తెర మూలకి ఎగిరిపోయేది. పాఠం చెప్పే ఆవిడ ఓపిగ్గా మళ్ళీ చూపించేది, మధ్యలో గడియారం చూసుకునేది. పళ్ళక్క గడియారం చూసేది కాదు. చూస్తే అద్దం ముందు పెట్టుకుని కూర్చున్న మావయ్య కనపడేవారు.

సారుతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అని మనకనిపిస్తుంది. మావయ్య పడిపోయినప్పుడు సారు అడగ్గానే సెలవిచ్చాడు, ఆసుపత్రికి వచ్చి చూసి వెళ్ళాడు. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడగడం? అదీగాక అడిగితే, ఈవిడ నేర్చుకోలేదు, ఈవిడకి ఇల్లే ఎక్కువ అనుకుంటారేమో. ఇలా అటు చెప్పలేక, ఇటు వదల్లేక, అంతా పంటి బిగువున భరించింది.

మొదటి కొన్నాళ్ళూ పెద్దాయన అదే వేళకి అద్దం తీసుకుని బల్ల దగ్గర కూర్చునేవారట. కొడుకు వచ్చి కూర్చోబోతే వద్దనేవారట. పళ్ళక్క ఇల్లు చేరేసరికి ఆయన పడుకునేవారు. ఒకరోజు మొగుడు అన్నం వడ్డిస్తూ, మెల్లగా చెప్పాడు.

"నాన్న అద్దం బోర్లించేశాడు."

ఆవిడ కంచం వదిలి వెళ్ళింది. ఆయన మెలకువగానే ఉన్నారు, గోడవైపు తిరిగి ఉన్నారు. రేపు తప్పకుండా కూర్చుందాం మావయ్యా అంది. ఆయన తిరగలేదు. రేపు కూడా పాఠం ఉందని ఆయనకీ తెలుసు. అప్పటినుంచీ ఆయన "పా" కూడా అనడం మానేశారు. నోరు తెరవడమే మానేశారు. నెలలు దొర్లిపోతున్నాయి, డాక్టరమ్మ చెప్పిన నెలలు.

ఆ రోజుల్లోనే ఒక రిటైరైన హెడ్‌మాస్టరమ్మకి పళ్ళు కట్టింది. ఆ అమ్మగారు తన పాత ఫోటో పంపించారు. పళ్ళు గీత గీసినట్టు తిన్నగా ఉండాలని, డాక్టరుకి ఒకటికి రెండుసార్లు చెప్పారు. పళ్ళక్క కట్టింది, తనే చూసుకుంది, బాగుందనుకుంది, పంపింది.

మర్నాడు డాక్టరు ఫోను చేశాడు. హెడ్‌మాస్టరమ్మ మైనం సెట్టు నోట్లో పెట్టుకుని, అద్దం చూసుకుని, తీసి బల్ల మీద పెట్టి, "ఇవెవరి పళ్ళండీ?" అని అడిగారట.

సెట్టు తిరిగొచ్చింది. గాభరాసారు డబ్బా విప్పి చూశాడు. ఆయన ఈ ల్యాబులో బెంచీ దగ్గర పని నేర్చుకునే పెరిగినవాడు, ఎంత గాభరా పడ్డా పళ్ళు తెలుసు. కిటికీ దగ్గరికెళ్ళి, దుమ్ము చొక్కా చేతితోనే తుడిచి, సెట్టు గట్టు మీద పెట్టి, అందర్నీ పిలిచాడు. చాన్నాళ్ళ తర్వాత అందరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆచారం ప్రకారం పళ్ళక్క నోరెత్తకూడదు, ఎత్తలేదు.

బాబాయి వంగి చూశాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"పనికి వంక పెట్టడానికి లేదు సార్. కానీ ఇవి కట్టిన పళ్ళలా లేవు. ఎవరో ఉన్నారు ఇందులో."

అప్పుడు పళ్ళక్క ముందుకొచ్చి చూసింది. ముందు రెండు పళ్ళ మధ్య సందు. పక్కన కాస్త వాలి, బయటికి తొంగిచూస్తున్న పన్ను. ఊళ్ళో ఎవరి పళ్ళయినా గుర్తుపట్టే మనిషి, తన చేత్తో కట్టి, తన కళ్ళతో చూసుకుని కూడా వీటిని గుర్తుపట్టలేదు. సాయంత్రాలు ఇంటికి వెళ్ళలేకపోయింది కదా, చేతులు వెళ్ళొచ్చాయి.

"మా మావయ్యవి సార్" అంది. అని, అందరి ముందూ ఏడ్చింది.

ఆ తర్వాత చెప్పాల్సినదంతా చెప్పింది. అద్దం సంగతి, "నా" సంగతి, గోడవైపు తిరిగిన సంగతి. గాభరాసారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చోగా ఎవరూ చూసి ఎరగరు. జేబులో ఫోను మోగుతుంటే మోగనిచ్చాడు.

"ముందే నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఒకసారి సెలవిచ్చారు కదా సార్. మళ్ళీ ఎలా అడగను?"

"తప్పు మీ చేతిది కాదు" అన్నాడు సారు, గట్టు మీది పళ్ళు చూపిస్తూ. "పళ్ళు ఇక్కడ పెట్టి ఉంటే బాబాయి పట్టుకునేవాడు. చూసే మనిషిని తీసేసింది నేను."

పళ్ళు ఊడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు. గాభరాసారుకి ఆ రాయి ఆ రోజు దొరికింది. కానీ ఆయన మనసున్న మనిషి కాబట్టి తగిలిన చోటే ఆగాడు. పాఠం ఇక పొద్దున్నే, అందరూ రాగానే, పనివేళలోనే. కిటికీ చూడకుండా ఏ సెట్టూ మెట్లు దిగకూడదు. సాయంత్రం దీపాలు వేళకి ఆరిపోవాలి. మరి ఆర్డర్లు? డాక్టర్లకి తనే ఫోను చేసి, ఇకమీదట ఇంకాస్త వ్యవధి కావాలని చెప్పాడు. ఒక్కో ఫోనుకీ ముందు మంచినీళ్ళు తాగి చేశాడు. చాలామంది గొణుక్కుని ఒప్పుకున్నారు. ఒకాయన మాత్రం ఇంకో ల్యాబుకి పోయాడు. పోతే పోయాడని అనడానికి సారుకి ఆ సాయంత్రమంతా పట్టింది.

లేచి వెళ్ళబోతూ ఆ మైనం సెట్టు పళ్ళక్క చేతిలో పెట్టాడు. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. ఆవిడ సొరుగులో పెట్టి, హెడ్‌మాస్టరమ్మకి మళ్ళీ కట్టింది, గీత గీసినట్టు. వాటిని బాబాయి కిటికీ దగ్గర చూసి, ఈ పళ్ళని చూస్తే తనక్కూడా హోంవర్కు గుర్తొస్తోందన్నాడు.

పొద్దుటి పాఠంలో అదే యంత్రం, అదే మౌసు, కంపెనీ నుంచి వచ్చిన అదే పంతులమ్మ. పళ్ళు మాత్రం చెప్పినమాట వినడం మొదలుపెట్టాయి. పళ్ళక్క తెర మీది పన్నుని వెంట్రుకవాసి జరిపి, దవడ మూసి, తెరిచి, "ఇదేదో మైనం కంటే మెత్తగా ఉందే" అంది. బాబాయి గురక మాని ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టాడు. పంతులమ్మ కూడా తేటపడింది. సాయంత్రం పాఠాలప్పుడు ఇంట్లో తన కూతురికి ఫోనులోనే జోలపాడేదట పాపం, ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అక్కడ అందరూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోకుండా ఒకే బాధ పడ్డారు. తిరిగొచ్చే సెట్లు తగ్గాయి. కిటికీ దగ్గర మళ్ళీ నవ్వులు వినిపించాయి.

ల్యాబుని బాగుచెయ్యడం ఒక ఎత్తు, అలిగిన ముసలాయన్ని బతిమాలడం ఒక ఎత్తు.

పళ్ళక్క మళ్ళీ వేళకి ఇంటికొచ్చింది. అద్దం తిప్పి పెట్టింది. మావయ్య వచ్చి కూర్చున్నారు, పెదాలు బిగించి. "పా" అనండి అంటే కిటికీలోంచి బయటికి చూశారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. కోపమో, మళ్ళీ ఆశపడితే మళ్ళీ మానేస్తుందన్న భయమో. బుజ్జగించింది, జోకులు వేసింది, ఒకరోజు కసురుకుంది కూడా. ఉలుకూ పలుకూ లేదు. నేను పని నేర్చుకుంటూ ఈయన మాట పోగొట్టానా అని ఆవిడ వంటింట్లో చెంగు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు ఏ ఆలోచనా తోచక, సొరుగులోంచి ఆ మైనం సెట్టు తీసి అన్నం డబ్బాలో పెట్టుకుని తెచ్చింది. సాయంత్రం బల్ల మీద, అద్దం ముందు పెట్టింది.

"మావయ్యా, నేనేం చేశానో చూడండి. ఒక హెడ్‌మాస్టరమ్మకి పళ్ళు కట్టమంటే ఇవి కట్టాను. పాపం ఆవిడ హడలిపోయింది. సారు అందర్నీ పిలిచి చూపించారు, నా పరువు పోయింది."

ఆయన కిటికీలోంచి చూపు తిప్పారు. సెట్టుని చూశారు. బాగున్న చేత్తో తీసుకుని దగ్గరగా పెట్టుకున్నారు. వేలితో మధ్య సందు తడిమారు. వాలిన పన్ను తడిమారు. అద్దంలోకి వంగి, ఎన్నాళ్ళకో పెదాలు విప్పి, తన పళ్ళు చూసుకున్నారు. మళ్ళీ చేతిలోవి చూశారు. గొంతులోంచి గరగరమని నవ్వొచ్చింది. నవ్వుతూ, తన పళ్ళేనా కాదా అని సరిచూసుకుంటున్నట్టు, నాలుకతో పళ్ళ వెనక తడుముకున్నారు. నాలుక కొన వెళ్ళి పైపళ్ళ వెనక ఆనింది.

పళ్ళక్క "పైకి మావయ్యా" అని కూడా అనలేదు.

"నా" అన్నారు ఆయన.

అదే సమయానికి మొగుడు చేతులకి పచ్చరంగుతో లోపలికొచ్చాడు. "ఏంటి నాన్నా, నారింజపం..." అనబోయాడు. ఆవిడ ఒక్క ఉదుటున లేచి వాడి నోరు మూసింది. వాడు అలాగే నిలబడిపోయాడు. పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. తొందరపెట్టేవాళ్ళు లేరు, అందించేవాళ్ళు లేరు. పళ్ళు గుండెకి ఆనించుకున్నారు.

"నా... వి."

ముద్దగానే ఉంది, అయినా ఇంటి గడపదాకా వినిపించింది. కొడుకు కళ్ళు తుడుచుకుంటే మొహానికంతా పచ్చరంగు అంటుకుంది. పళ్ళక్క నవ్వుతూ, ఏడుస్తూ, ఆ పళ్ళు ఇలా ఇవ్వండి మావయ్యా, మైనం, కరిగిపోతుంది అని చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు. ఒకప్పుడు టిక్కెట్లు పెట్టుకున్న చొక్కా జేబులో వాటిని పెట్టుకుని, పైన చెయ్యి అడ్డం పెట్టుకుని, కోడలికి బాగా అర్థమయ్యేలా మళ్ళీ చెప్పారు.

"నావి."